చింతకాయ తొక్కుకు స్టీలు డ్రమ్ము

మా మామయ్యకు, అంటే మా ఆయన నాన్నకు, లోహాల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. రైల్వేలో ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే రిటైరైన మనిషి. కాజీపేటలో మా ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే కళ్లు మూసుకుని విని, ఎన్నో డబ్బా చక్రం అరిగిపోయిందో చెప్పేవాడు. ఆయన చెప్పింది నిజమో కాదో చూపించడానికి ఏ బండీ ఆగలేదు. అందుకని ఆ విద్యలో ఆయనకు ఓటమన్నది లేకుండా గడిచిపోయింది.

కాబట్టి అత్తమ్మ తొక్కుకు జాడీలు చాలడం లేదు, పెద్ద స్టీలు డ్రమ్ము కొందామన్న మాట ఇంట్లో పుట్టగానే, ఆ స్టీలును ఎవరు ఎంచాలన్న ప్రశ్నే రాలేదు. మామయ్య చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు.

మా వైపు ఊరగాయను తొక్కు అంటాం. అత్తమ్మ పెట్టేది చింతకాయ తొక్కు. చలికాలం మొదలవుతుండగా ధర్మసాగర్ వైపు నుంచి గింజ ముదరని పచ్చి చింతకాయ బస్తాల్లో వస్తుంది. దాన్ని కడిగి, పాత చీర మీద ఆరబోసి, ఉప్పూ పసుపూ వేసి దంచి, జాడీలో గట్టిగా అదిమి పెడుతుంది. కొన్నాళ్లకు తీసి, గింజా పీచూ ఏరి, మళ్లీ దంచి, మళ్లీ ఊరబెడుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఆమె భుజాలు రెండూ అరిగిపోయాయి.

రైల్వే క్వార్టర్లలో ఆ తొక్కు ఎరగని ఇల్లు తక్కువ. అక్కడొక పద్ధతి నడిచేది. చింతకాయ ఇంకా చెట్టు మీద ఉండగానే ఎవరి సీసా వాళ్లు కడిగి, ఎండబెట్టి, తెచ్చి మా వసారాలో గోడవారగా పెట్టి పోయేవారు. నాకు ఇంత కావాలని అడిగేవాళ్లు లేరు. సీసా ఎంతుంటే అంత, డబ్బులు నిండు సీసా తీసుకుపోయేటప్పుడు. అత్తమ్మ దాన్ని లోపలికి తీసుకుందంటే మాట ఇచ్చినట్టే. బదిలీ మీద బల్లార్షా పోయిన కుటుంబాలు కూడా ఏ గార్డు చేతనో సీసా పంపేవి. తమ కోడళ్ల చేతి వంటకు వంక పెట్టే ముసలమ్మలు సైతం ఈ సీసా విషయంలో నోరెత్తేవారు కాదు.

ఆ ఏడు సీసాలు వసారా దాటి మెట్ల మీదికి వచ్చాయి. పెద్ద జాడీ ఒకటి నెర్రె ఇచ్చింది. దానికి తోడు, అమ్మకం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలని మా ఆయన పట్టుబట్టి పెట్టించిన దరఖాస్తుకు ఒక ఆఫీసరు వచ్చి, మిగిలిన జాడీల పెచ్చులూడిన అంచులు చూసి, ఫుడ్ గ్రేడ్ స్టీలుకు మారితే మంచిదని చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు. ఫుడ్ గ్రేడ్ అంటే ఏమిటో మేము అడగలేదు. అడిగితే మాకు తెలియదని తెలిసిపోతుందని మా భయం. ఆయనా చెప్పలేదు. ఆయన భయమూ అదే అయి ఉండాలి.

అత్తమ్మకు ఇదంతా నచ్చలేదు. జాడీలో ఉన్న గుణం ఇనుములో రాదంది. స్టీలు ఇనుము కాదని మామయ్య, భుజం నొప్పి తగ్గుతుందని మా ఆయన, శుభ్రంగా ఉంటుందని నేను, తలా ఒక మాట చెప్పి ఆమెను ఒప్పించాం. ఒప్పుకున్నాక కూడా వసారాలోని సీసాల వంకే చూస్తూ ఒక్క మాట అంది.

“రుచి మారితె నేనేం జెప్పాలె? అందరి సీసాలు తీస్కొని పెట్టుకున్న గద.”

మారదని ముగ్గురం ఒకే గొంతుతో చెప్పాం. మా ఇంట్లో ముగ్గురం ఒక మాట మీద నిలబడటం అరుదు. అప్పుడే అనుమానించాల్సింది.

వరంగల్‌లో స్టీలు సామాను కొనే పద్ధతి తెలియనివాళ్లకు చెప్పాలి. మాగ్నెట్ పెట్టి చూడటం. అంటుకుంటే దొంగ సరుకు, జారిపోతే అసలు స్టీలు. ఇంతకు మించిన శాస్త్రం మా దగ్గర ఎవరికీ అవసరం పడలేదు. అంగళ్లలో గల్లాపెట్టె పక్కనే ఒక మాగ్నెట్ పడేసి ఉంచుతారు, కొనేవాళ్లు అడక్కముందే చేతికిస్తారు. మామయ్య మాత్రం అంగడివాడి మాగ్నెట్‌ను నమ్మడు. పాత లౌడ్‌స్పీకర్ విప్పి తీసిన తన సొంత మాగ్నెట్‌ను రుమాల్లో చుట్టుకుని వెంట తీసుకుపోతాడు. పెళ్లిళ్లలో ఎవరైనా బిందె చదివిస్తే, చదివించినవాళ్లు ఇంకా మండపం దిగకముందే దానికి మాగ్నెట్ ఆనించి చూసేవాడు. కొన్ని చుట్టరికాలు మాకు అలా తగ్గాయి.

నేను ఆయన మాగ్నెట్‌ను చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. ఎందుకంటే నాకు ఫోన్ ఉంది. ఆ వారమంతా వంట చేస్తూ స్టీలు గురించి వీడియోలు చూశాను. త్రీ నాట్ ఫోర్ అనే రకం వంటపాత్రలకు మంచిదనీ, ఉప్పూ పులుపూ బాగా ఉన్నచోట త్రీ సిక్స్‌టీన్ అనే ఇంకో రకం మేలనీ తెలుసుకున్నాను. వీడియోలో వాళ్లు స్టీలు మీద స్టిక్కర్ చూసుకోమన్నారు. నేను స్టిక్కర్ పట్టుకున్నాను. ఆయన దేవుడు రుమాల్లో ఉన్నాడు, నా దేవుడు స్టిక్కర్ మీద ఉన్నాడు. భక్తిలో మాత్రం మామా కోడళ్లకు తేడా లేదు.

వరంగల్ స్టేషన్ రోడ్డు వెనక సందులో హోటళ్లకు పొయ్యిలూ టేబుళ్లూ గంగాళాలూ చేసి అమ్మే ఒక భాయ్ షెడ్డుకు వెళ్లాం. తొక్కుకని చెప్పగానే ఆయన మూలనున్న ఒక డ్రమ్ము మీది గోనెపట్టా తీశాడు. మందమైన రేకు. మెరుపు లేదు, బూడిద రంగులో మొద్దుగా ఉంది. ఎవరో నిమ్మకాయ ఊరగాయ పెట్టేవాళ్లు చేయించుకుని, మనసు మార్చుకుని తీసుకుపోలేదట. లోపల మూలలు గుండ్రంగా తీర్చి, అతుకులు చెయ్యి పెడితే తెలియనంత నున్నగా సానపట్టి ఉన్నాయి. ఉప్పుకూ పులుపుకూ ఇదే ఆగుతుందని భాయ్ చెప్పాడు.

మామయ్య రుమాలు విప్పాడు. డ్రమ్ము పొట్ట మీద మాగ్నెట్ పెడితే జారిపోయింది. ఆయన మొహం విప్పారింది. తర్వాత వంచి మడిచిన అంచు మీద పెట్టాడు. అక్కడ మాగ్నెట్ గట్టిగా కాదు గానీ మెల్లగా అతుక్కుని నిలబడింది. మామయ్య మా వైపు తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

“వంచిన కాడ జర గుంజుతది సార్,” అన్నాడు భాయ్. “మంచి స్టీలే అట్ల గుంజేది.”

టికెట్ లేని ప్రయాణికుడు చెప్పే కథ విన్న టీసీలాగా నవ్వాడు మామయ్య. భాయ్ సాయం కోసం నా వైపు చూశాడు. నేను స్టిక్కర్ కోసం చూస్తున్నాను. ఆ డ్రమ్ముకు స్టిక్కర్ లేదు. నల్ల మార్కర్‌తో ఎవరో చేత్తో రాసిన అంకెలు ఉన్నాయి. చేత్తో అయితే నేను కూడా రాయగలను అనుకుని నేనూ తల అడ్డంగా ఊపాను.

భాయ్ మళ్లీ చెప్పలేదు. నిజం చెప్పినందుకు అనుమానించిన గిరాకీకి రెండోసారి కూడా నిజం చెబుతూ కూర్చుంటే ఆయనకు షెడ్డు అద్దె ఎవరు కడతారు? ఆయన ఇంకో డ్రమ్ము తీయించాడు. పలచగా, అద్దంలాగా ఉంది. మామయ్య తన మీసం అందులో చూసుకున్నాడు. మాగ్నెట్ పొట్ట మీద జారింది, అంచు మీద జారింది, అడుగున జారింది. పొట్ట మధ్యలో వెండిరంగు స్టిక్కర్ మీద త్రీ నాట్ ఫోర్ అని అచ్చులో మెరుస్తోంది. ఉప్పుకు త్రీ సిక్స్‌టీన్ అని వీడియోలో చెప్పారు కదా అని నా మనసు ఒక్క క్షణం గునిసింది. ఇంత మంచి అచ్చు చూశాక ఆ గునుపు ఊరుకుంది. మామా కోడళ్లం ఒకే వస్తువుకు ఒకేసారి దండం పెట్టాం.

“మీ ఇష్టం సార్,” అన్నాడు భాయ్. అంత మర్యాదగా మమ్మల్ని ఎవరూ గోతిలోకి దింపలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మా ఇళ్లలో స్టీలు సామాను పేరు లేకుండా గుమ్మం దాటదు. గ్లాసుకూ పేరే, గరిటెకూ పేరే. సన్నని సూది గర్రుమంటూ చుక్కలు చుక్కలుగా పేరు చెక్కే మనిషి ప్రతి గిన్నెల అంగడి ముందూ ఒకరు కూర్చుని ఉంటారు. నాలుగిళ్లకు అరువు పోయే సామాను కాబట్టి ఆ పేరు లేకపోతే తిరిగి రాదు. మా ఇంట్లో అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందెల మీద కూడా మామయ్య పేరే ఉంది. ఆయన పేరు చెక్కనివి గ్యాస్ సిలిండరూ అత్తమ్మా మాత్రమే.

సందు చివర చెక్కే మనిషి డ్రమ్మును బయటివైపు తిప్పుకోబోతే మామయ్య ఒప్పుకోలేదు. బయట రాస్తే తోమీ తోమీ అరిగిపోతుందట. పైగా గోడవైపుకు తిరిగితే కనబడదట. లోపల, మూత తీయగానే కంటికి తగిలేలా, అంచు కింద రాయమన్నాడు. పేరు, దాని కింద హోదా, దాని కింద శాఖ. మూడు వరుసలు. చెక్కే మనిషి తల డ్రమ్ములో దూర్చి చాలాసేపు గర్రుమనిపించాడు. అంత పెద్ద అక్షరాలు ఆయన ఎన్నడూ చెక్కలేదని తానే చెప్పాడు.

ఇంటికి తెచ్చాక అత్తమ్మ మూత తీసింది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి మూడు వరుసలూ తడిమింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మా ఇంట్లో ఒప్పుకున్నట్టు లెక్క. కొత్త పాత్ర కాబట్టి ఇనుప పీచు తీసుకుని లోపలంతా చేతులు నొప్పెట్టేదాకా తోమింది. అది కూడా చెయ్యకూడని పనేనని తర్వాత తెలిసింది. అలా ఆమె వంతు కూడా పడింది.

ఆ ఏటి చింతకాయంతా ఆ ఒక్క డ్రమ్ములోకే పోయింది. పాత జాడీలను కడిగి అటక మీద బోర్లించాం. కాపు బాగా వచ్చింది, తొక్కు నిండుగా అంచుదాకా వచ్చి మామయ్య హోదానూ శాఖనూ ముంచేసి పేరు సగందాకా చేరింది. ఊరుతున్నన్నాళ్లూ మామయ్య ఆ గదిలోనే కుర్చీ వేసుకున్నాడు. వచ్చిన రిటైర్డు స్నేహితులకల్లా మాగ్నెట్ చేతికిచ్చి, మీరే చూడండి అనేవాడు. వాళ్లంతా పెట్టి చూసి, జారిపోగానే తలలూపేవారు. ఒక డ్రమ్ముకు ఇంతమంది పెద్దలు సాక్ష్యం చెప్పగా నేను చూడలేదు.

సీసాలు నింపాల్సిన రోజు పొద్దున అత్తమ్మ స్నానం చేసి, కొత్త గరిటె తీసుకుని వచ్చి మూత తీసింది. తీసి అలాగే నిలబడింది. నేను వెనక నుంచి తొంగి చూశాను.

మామయ్య పేరు తుప్పు రంగులో అచ్చేసినట్టు కనబడుతోంది. గుమ్మంలో నుంచే చదవొచ్చు. ఒక్కో చుక్క నుంచీ గోధుమరంగు చారిక దిగి తొక్కులో కలిసింది. అంచు చుట్టూ తొక్కు నల్లబడింది. గరిటెతో పక్కకు జరిపితే లోపలి గోడ మీద సూదితో పొడిచినట్టు గుంటలు. అత్తమ్మ వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుని, వెంటనే బయటికి పోయి ఉమ్మేసింది. నేనూ నాకి చూశాను. తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టుంది.

మామయ్య మొదట చింతకాయను తప్పుపట్టాడు. తర్వాత ఉప్పును, ఆ తర్వాత మూతను, చివరికి ఆ ఏటి మంచును. అన్నీ అయ్యాక రుమాలు విప్పి మాగ్నెట్ తీసి డ్రమ్ము గోడకు పెట్టాడు. అప్పటికీ అంటుకోలేదు. ఇంత తుప్పు పట్టీ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసైన స్టీలును ఆయన తన సర్వీసంతటిలో చూసి ఉండడు.

ఆ మధ్యాహ్నం నేను హైదరాబాద్‌లో పాల యంత్రాలు చేసే ఒక కంపెనీ నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. అవతల ఎవరో ఓపికున్న మనిషి దొరికాడు. చవక రకం స్టీలులో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారట. దానికీ మాగ్నెట్ అంటుకోదు. కానీ ఉప్పూ పులుపూ కలిసి మీద పడితే అది తట్టుకోలేదు. మంచి స్టీలును వంచితే, ఆ వంచినచోట కాస్త గుంజడం మామూలేనట. స్టిక్కర్ ఎవరైనా ముద్రించుకోవచ్చునట. తినే సరుకు తగిలే వైపు గీతా గుంటా లేకుండా నున్నగా ఉండాలనీ, చిన్న గుంటలో ఉప్పు కూర్చుంటే అక్కడే తొలవడం మొదలవుతుందనీ చెప్పాడు. చివరికి, లోపలివైపు ఏమైనా గీతలు పడ్డాయా మేడమ్ అని అడిగాడు. మూడు వరుసలు పడ్డాయని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, నేను విడమరచలేదు.

అన్నిటికన్నా నవ్వొచ్చేదీ, నవ్వు రానిదీ ఒకటుంది. మా వైపు ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. ఎంత మొండి మరకనైనా చింతపులుపు ఒలిచేస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. లోహాన్ని ఒలిచే సరుకును లోహంలోనే నెల పైన నిలవబెట్టడానికి ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించామంటే, మా తెలివి తక్కువదేమీ కాదు.

సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. అంచుల చుట్టూ, పైనా తీసేస్తే మధ్యలోది బాగానే ఉంటుందన్నాడు మామయ్య. దానికి మిరప్పొడి దట్టించి వెల్లుల్లి పోపు పెడితే ఎవరికీ తెలియదన్నాడు. మా ఆయన నేల చూశాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట చెవికింపుగానే ఉంది. వసారాలో అన్ని సీసాలు నోళ్లు తెరుచుకుని ఉంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

అత్తమ్మ లేచి వెళ్లి, డ్రమ్ము నడిమధ్యలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, లోపలిది ముద్ద తీసింది. మా అందరి ముందు కూర్చుని చప్పరించింది. ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నాం. ఏడ్చింది. నేను పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఏడవడం చూడలేదు. నాకు మామయ్య మీద, భాయ్ మీద, ఆ ఆఫీసరు మీద, నా ఫోన్ మీద ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద చూపించుకోవాలో తెలియక అటక మీది జాడీలు దించి, అవసరం లేకపోయినా కడిగాను.

మర్నాడు పెరట్లో గొయ్యి తీయించి తొక్కంతా పోయించింది. ఉప్పుకు చెట్లు చస్తాయని మామిడి మొక్కకు దూరంగా తీయించింది. ఆ పని జరుగుతున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనే నిలబడింది. తర్వాత సీసాలన్నీ రెండు గంపలకెత్తి, నన్ను రమ్మని, క్వార్టర్ల వైపు బయల్దేరింది.

దారిలో నేనొక మంచి సాకు అల్లాను. ఈ ఏడు కాయ సరిగా రాలేదు, వచ్చింది పురుగు పట్టింది అని చెబుదామన్నాను. ఆమె గంప సర్దుకుని ముందుకు నడిచింది. మొదటి తలుపు దగ్గరే నా సాకు సంగతి తేలిపోయింది.

“తొక్కు ఖరాబైంది బిడ్డా. పారబోసిన. ఇగో మీ సీసా.”

ప్రతి తలుపు దగ్గరా అవే మాటలు. ఒక్కటి పెరగదు, ఒక్కటి తగ్గదు. కొందరు అయ్యో అన్నారు. కొందరు ఫికర్ చెయ్యకమ్మా అన్నారు. ఒకావిడ మరీ బాగాలేదా, కొంచెమైనా లేదా, మా వారికి అది లేకపోతే ముద్ద దిగదు అని బతిమాలింది. అత్తమ్మ తల వంచుకుని లేదంది. ఒక ఇంట్లో కొత్త కోడలు సీసా అందుకుని, పోనీలెండి, ఈసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాం అంది. ఆ పిల్ల మంచిగానే అంది. అత్తమ్మకు ఆ మాటే అందరి మాటలకన్నా ఎక్కువ తగిలిందని నడకలో తెలిసింది.

ఎట్లా ఖరాబైందని అడిగినవాళ్లూ ఉన్నారు. అప్పుడు నా నాలుక దురద పెట్టేది. డ్రమ్ము కథ, మాగ్నెట్ కథ, మూడు వరుసల కథ మొత్తం చెప్పి మా తప్పును పదిమందికీ పంచాలనిపించేది. ఒకచోట నోరు తెరిచాను కూడా. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని నొక్కి, నా తాననే తప్పైంది అని వాళ్లకు చెప్పి, గంప ఎత్తుకుంది. తిరిగి వచ్చేటప్పటికి గంపలు తేలికయ్యాయి. నడక మాత్రం పోయేటప్పటికన్నా బరువుగానే సాగింది.

మామయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడో ఏమో. మా మొహాలు వెతికాడు. ఎవరేమన్నారని అడగలేదు. ఆయన కడుపులో ఉన్న భయం వేరు. రేపటి నుంచి క్వార్టర్లలో, చాయ్ హోటల్లో, రిటైర్డు మనుషుల బెంచీ మీద, స్టీలు తెలియని ఫిట్టరని తనను అనుకుంటారని. అత్తమ్మ చెప్పులు విడుస్తుంటే గొంతు తగ్గించి అడిగాడు.

“నా పేరేమన్న ఒచ్చిందా ఆడ?”

అత్తమ్మ ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, తలెత్తి ఆయన్ని చూసింది.

“నీ పేరెందుకొస్తది?” అంది. “తొక్కు నాది.”

అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాటలో నింద అనేది లేదు. ఉండి ఉంటే మామయ్య సమాధానం చెప్పేవాడు.